దుప్పటి రెండో కొస

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్ళు. తెనాలిలో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. అమ్మ పక్షవాతం వచ్చి రెండేళ్ళ మూడు నెలలు మంచంలో ఉంది. చూసుకున్నది నేనే. పోయిన శ్రావణంలో పోయింది. అప్పట్నుంచి నాకు ఏడుపు రావట్లేదు. కానీ ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, అమ్మను పక్కకు తిప్పాలి కదా అని లేచి కూర్చుంటాను. ఫోన్లో అలారం కూడా తీసెయ్యలేదు. ఈమధ్య ఆ రోజుల మీద ఒక డాన్స్ చెయ్యాలని గట్టిగా అనిపిస్తోంది. డైపర్లు, ముక్కు గొట్టం, పడకపుండ్లు, ఒళ్ళు తుడవడం, అన్నీ. అమెరికాలో ఉన్న అన్నయ్యకు చెబితే "అమ్మ చావును స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టించుకుంటావా? జనం జాలి కోసమా?" అన్నాడు. ఏడాది తిరక్కుండా గజ్జె కట్టకూడదని పిన్ని అంటోంది. ఇంకొకటి, ఎవరికీ చెప్పనిది. అమ్మ ఊపిరి ఆగిన నిమిషంలో నాకు మొదట అనిపించింది "హమ్మయ్య" అని. ఇలాంటిదాన్ని, అమ్మ గురించి డాన్స్ చేసే అర్హత నాకుందా? చేస్తే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
— పేరు వద్దు

జవాబు:

చెల్లీ,

నువ్వు చివర్లో రాసిన మాట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరమంతా ఆ "హమ్మయ్య" బరువుతోనే రాశావు. రెండేళ్ళ మూడు నెలలంటే ఎనిమిది వందలకు పైగా రాత్రులు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలని డాక్టర్లు తేలిగ్గా చెబుతారు, ఆ మాట పాటించాలంటే చేసే మనిషికి నిద్ర అనేదే ఉండదు. అన్ని రాత్రులు ఒక మనిషి నొప్పిని కళ్ళారా చూసిన కూతురికి, ఆ నొప్పి ఆగిందని తెలిసిన క్షణంలో ప్రాణం కుదుటపడితే అందులో తప్పేముంది? మంచంలో ఉన్న మనిషిని ఏళ్ళ తరబడి చూసుకున్న వాళ్ళలో చాలామందికి ఇది జరుగుతుంది, బయటికి చెప్పరు, అంతే. మా నాన్న పోయినప్పుడు నాకూ జరిగింది. నేనూ చాలా ఏళ్ళు చెప్పలేదు.

అర్హత సంగతికి వస్తే, ఆ గదిలో రాత్రి రెండింటికి ఉన్నది ఎవరు? నువ్వే కదా. ఇంకెవరికి ఉంటుంది ఆ అర్హత?

కాబట్టి చెయ్యి. కానీ చావు మీద చెయ్యకు, సేవ మీద చెయ్యి. నా జవాబంతా ఇదే, మిగతాది దీని చుట్టూ చెప్పేదే.

ఎందుకంటున్నానో చెబుతాను. నీ చదువులోదే ఒక మాట తీస్తాను. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు కరుణానికీ విప్రలంభానికీ తేడా చెబుతూ, కరుణం నిరపేక్షం, విప్రలంభం సాపేక్షం అంటాడు. అంటే విరహంలో ఉన్న మనిషికి ఆశ ఉంటుంది, వెళ్ళినవాడు వస్తాడని. శోకంలో ఉన్న మనిషికి ఆ ఆశ లేదు. ఇప్పుడు నువ్వు చిన్నప్పట్నుంచి నేర్చుకున్న ఐటాలన్నీ ఒకసారి గుర్తు తెచ్చుకో. భామాకలాపంలో సత్యభామ ఉత్తరం రాస్తుంది, చివరికి కృష్ణుడు వస్తాడు. పాటలుగా పాడే పదాల్లో నాయిక గుమ్మం వైపు చూస్తుంది, చెలికత్తెను పంపుతుంది, అలుగుతుంది, ఎదురుచూస్తుంది. మన ఒంటికి పట్టిన శిక్షణంతా ఎదురుచూపుల శిక్షణ. నీకిప్పుడు ఎదురుచూడ్డానికి ఎవరూ లేరు. అందుకే నువ్వు ఈ డాన్స్ మొదలుపెట్టగానే తెలియకుండానే నీ మెడ గుమ్మం వైపు తిరుగుతుంది, చెయ్యి "రావా" అన్నట్టు లేస్తుంది, చూసేవాళ్ళకు అందంగానే ఉంటుంది, నీకు మాత్రం లోపల ఏదో అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. అలా అనిపించినప్పుడు నువ్వు చెడ్డ డాన్సర్‌వని అనుకోకు. చేతికి అలవాటైన భాష వేరు, చెప్పాల్సింది వేరు.

మరి ఏ భాష వాడాలి? ఆ ఎనిమిది వందల రాత్రుల్లో నీ ఒళ్ళు ఇంకో భాష నేర్చుకుంది. మంచం పక్కన నిలబడి, మోకాళ్ళు వంచి, బరువంతా తొడల మీద వేసుకుని, అమ్మ కింద పరిచిన దుప్పటిని పట్టి లాగి ఆమెను పక్కకు తిప్పావు. అది అరమండే కదా, అద్దం ముందు నేర్చుకున్నది కాదంతే. "యతో హస్తః తతో దృష్టిః" అని మనం పిల్లల చేత వల్లె వేయిస్తాం, చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలని. సేవ చేసేటప్పుడు అలా జరగదు. చెయ్యి నడుము దగ్గర పుండు తుడుస్తుంటుంది, చూపు మాత్రం ముఖం మీదే ఉంటుంది, నొప్పి పుట్టిందేమో, కనుబొమ్మ కదిలిందేమో అని. పక్షవాతంలో మాట పడిపోయిన మనిషైతే మరీనూ. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట. ఇన్నేళ్ళుగా నువ్వు పాటించిన సూత్రాన్ని నీ చేతులు ఆ గదిలో పక్కన పెట్టేశాయి. నేనైతే డాన్స్‌ని ఆ ఒక్క చోటి నుంచే మొదలుపెడతాను.

కొన్నాళ్ళు ముద్రలు పట్టకు. నేల మీద చాప వేసి, అమ్మ అక్కడుందని అనుకుని, చేసిన పనులన్నీ చేసినట్టే చెయ్యి. తడిగుడ్డ పిండడం, వీపు తుడవడం, పౌడర్ వెయ్యడం, గొట్టంలో జావ పోసే ముందు తలవైపు ఎత్తు చెయ్యడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చెయ్యడం, జుట్టు చిక్కు తీసి జడ వెయ్యడం. వేగం పెంచకు, తగ్గించకు. ఎంతసేపు పట్టేదో అంతసేపే పట్టనీ. అది రోజూ చేస్తుంటే ఒకరోజు తడిగుడ్డ లేకుండానే చెయ్యి పిండుతుంది, ఇంకోరోజు ఆ పిండడం మణికట్టు దగ్గర ఆగి వేరే ఏదో అవుతుంది. అప్పుడు వచ్చేది ముద్ర. ముందే సందంశం (వేళ్ళ కొసలు కలిపి విప్పే ముద్ర) పట్టి మందుబిళ్ళ చూపించావనుకో, అది సందంశంలాగే కనిపిస్తుంది, మందుబిళ్ళ కనిపించదు.

ఏడుపు రావట్లేదని భయపడ్డావు. కరుణానికి భరతుడు చెప్పిన లక్షణాల్లో కన్నీళ్ళు ఒకటి మాత్రమే. నోరు ఎండిపోవడం, రంగు మారడం, ఒళ్ళు జారిపోవడం, నిట్టూర్పు, మరుపు కూడా అందులోనే ఉన్నాయి. మనసులోది ఒంటి మీద తెలిసిపోయే సాత్విక భావాలు ఎనిమిదింటిలో మొదటిది స్తంభం, కదలకుండా అయిపోవడం. రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుని ఏం చెయ్యాలో తెలియక ఉండిపోతావే, అదే నీ దుఃఖం. కన్నీళ్ళు ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు వస్తాయి, వాటి కోసం డాన్స్ చెయ్యకు.

ఇది మన సంప్రదాయం కాదని ఎవరైనా అంటే నమ్మకు. తెనాలి మనిషివి, నీకు నేను చెప్పాలా, పద్యనాటకాల ఊరు మీది. హరిశ్చంద్రలో కాటిసీను కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. ఆ సీన్లోకి గుర్రం జాషువా శ్మశాన పద్యాలు వచ్చి చేరాక దాని బరువు ఇంకా పెరిగింది. నేను నాటకాల మనిషిని, ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒకటి మాత్రం గమనించాను. జనం గొంతులోంచి ఏడుపు వచ్చేది పిల్లవాడు చచ్చిపోయాడని తెలిసినప్పుడు కాదు. కాటిసుంకం దగ్గర. చచ్చిపోయిన కొడుకును చేతుల్లో పెట్టుకున్న తల్లిని, ఆ కొడుకు తండ్రే, సుంకం కట్టందే దహనం కుదరదు అంటాడు. అంత దుఃఖం మధ్యలో ఒక పని, ఒక లెక్క, ఒక తప్పని విధి. అక్కడ గుండె పగులుతుంది. నీ డైపర్లూ మందుల చీటీలూ అదే పని చేస్తాయి, వాటిని అసహ్యం అనుకుని తీసెయ్యకు. ఒంటి సంగతులు కూచిపూడికి కొత్తా అంటే అదీ కాదు, గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుడితో వాదిస్తూ పిండం ఎలా పుట్టి పెరుగుతుందో వివరంగా చెబుతుంది. పుట్టుకను అంత విడమరిచి చెప్పిన కళ, పోయే ముందు రోజుల గురించి నోరు మూసుకోవాలా?

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. చావు దగ్గర లయ పట్టేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎప్పుడూ ఉన్నారు. శవం ముందు డప్పు కొట్టే మాదిగ కళాకారులకు చావుకు వేరే దెబ్బ, పెళ్ళికి వేరే దెబ్బ. తరతరాలుగా చావును మోసిన కళ అది, మనం దాన్ని కళ అనడానికి చాలా కాలం పట్టింది, అది మన తప్పు. నీ డాన్స్‌లో ఆ దెబ్బ కావాలనిపిస్తే మృదంగం మీద దాన్ని అనుకరించకు. వాళ్ళనే పిలు, మిగతా వాద్యకారులకు ఇచ్చినంత డబ్బు ఇవ్వు, అదే వరుసలో కూర్చోబెట్టు.

ప్రాణం పోయే నిమిషం చూపించాలా వద్దా అని నువ్వు అడగలేదు కానీ ఆ ప్రశ్న వస్తుంది. కేరళలో సంస్కృత నాటకాలాడే కూడియాట్టం అనే కళలో వాలి మరణం చూపిస్తారు, భాసుడి అభిషేక నాటకం మొదటి అంకం. అమ్మన్నూర్ మాధవ చాక్యార్ అనే నటుడు అందులో మహా ప్రసిద్ధుడు. ప్రాణం పోయేటప్పుడు ఊపిరి ఎలా మారుతుందో దాన్నే అంచెలంచెలుగా అభినయిస్తారు. దానికి ఏళ్ళ సాధన కావాలి, ఊపిరి మీద పట్టు కావాలి. నువ్వు అమ్మ పక్కన కూర్చుని ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరుగుతూ పోవడం చూసే ఉంటావు. ఇప్పుడే దాన్ని నీ ఒంట్లోకి తెచ్చుకోకు. అది ఇంకా పచ్చిగా ఉంది. ఈ డాన్స్‌లో ఆ నిమిషాన్ని వదిలెయ్యి. అప్పటిదాకా కదిలిన చేతులు ఆగితే చాలు, చూసేవాళ్ళకు తెలుస్తుంది.

వేరే దేశాల వాళ్ళు ఏం చేశారో కూడా కొంచెం చెబుతాను, నీకు తోడుంటుందని. 1930లో న్యూయార్క్‌లో మార్తా గ్రాహం దుఃఖం మీద ఒక చిన్న డాన్స్ చేసింది, మొత్తం బల్ల మీద కూర్చునే. ఒంటి చుట్టూ సాగే గుడ్డ, గొట్టంలాగా, అందులోంచి బయటికి రావాలని పెనుగులాడుతుంది, రాలేదు. నడక లేదు, గెంతు లేదు. జపాన్‌లో కజువో ఓనో 1981లో తన తల్లి మీద డాన్స్ చేశాడు, అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. తర్వాత తర్వాత నడవలేని స్థితి వచ్చినా కుర్చీలో కూర్చుని చేతులతో ఆడాడు, 103 ఏళ్ళు బతికాడు. ఇక ఆనా హాల్‌ప్రిన్ అని అమెరికాలో ఒకామె. భర్త ఐసీయూలో ఉన్నప్పుడు పడిన భయాన్నే పట్టుకుని, 2000లో, ఎనభై ఏళ్ళ వయసులో ఆసుపత్రి మీద, చావు మీద డాన్స్ కట్టింది. ఆ భయం నీకు కొత్తది కాదు, ఐసీయూ బయట బెంచీ మీద నువ్వూ కూర్చునే ఉంటావు.

మీ అన్నయ్య అన్న "జాలి కోసమా" అనే మాటకు కూడా ఒక కథ ఉంది. 1994లో బిల్ టి. జోన్స్ అనే డాన్సర్, ప్రాణాంతకమైన జబ్బులున్న వాళ్ళతో చాలా ఊళ్ళల్లో వర్క్‌షాపులు పెట్టి, వాళ్ళ మాటల నుంచీ కదలికల నుంచీ ఒక పెద్ద ప్రదర్శన తయారు చేశాడు. తన తోడు ఆర్నీ జేన్ 1988లో ఎయిడ్స్‌తో పోయాడు, తనకూ హెచ్‌ఐవీ ఉంది. న్యూయార్కర్ పత్రికలో ఆర్లీన్ క్రోచె అనే పేరున్న విమర్శకురాలు, ఇలాంటివి చూసేవాళ్ళను జాలిపడక తప్పని స్థితిలో పెడతాయి కాబట్టి చూడను అని, చూడకుండానే దాని మీద పెద్ద వ్యాసం రాసింది. ఎంత గొడవ జరిగిందో. ఆమె చూడకుండా రాయడం తప్పే అని నా అభిప్రాయం. కానీ ఆమె ప్రశ్న మాత్రం నీ రిహార్సల్‌లో రోజూ వేసుకోదగ్గదే: నన్ను చూడమంటున్నానా, అమ్మను చూడమంటున్నానా?

నేను ఈ పరీక్షలో ఒకసారి ఫెయిలయ్యాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నాన్న పోయిన ఆరో వారంలో ఒక నాటకంలో తండ్రి శవం ముందు కూతురి వేషం వేశాను. నిజం ఏడుపు వచ్చేసింది. గొంతు పూడుకుపోయింది, మాటలు మరిచిపోయాను, ఎదుటి నటుడు ఏదో అని నెట్టుకొచ్చాడు. నాటకం అయ్యాక జనం వచ్చి చేతులు పట్టుకుని ఎంత బాగా ఏడ్చావమ్మా అన్నారు. ఇంటికొచ్చి తలుపేసుకుంటే తెలిసింది, ఆ గంటలో నాన్న ఎక్కడా లేడు, నేనే ఉన్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత వేరే నాటకంలో ఒక ముసలాయనకు చొక్కా గుండీలు పెట్టే సీన్ వచ్చింది, ఒక్క కన్నీటి చుక్క రాలేదు, కానీ పై గుండీ దగ్గర నాన్న గడ్డం ఎత్తినట్టు ఆ నటుడు గడ్డం ఎత్తాడు. ఆరోజు నాన్న వచ్చాడు. ఇంతకంటే వివరంగా నాకు చెప్పడం రాదు.

అమ్మ వైపు నుంచి కూడా ఆలోచించు. ఆమె ఇప్పుడు సరే అనలేదు, వద్దు అనలేదు. బట్టలు మార్చేటప్పుడు తలుపు దగ్గరికి వెయ్యమనేదా? ఎవరైనా చూడ్డానికొస్తే దుప్పటి పైకి లాక్కునేదా? అయితే స్టేజీ మీదా తలుపు వెయ్యి. డైపర్ మార్చడం చూపించవచ్చు, మడిచి పక్కన పెట్టే చేతుల దాకా. ఆమె ఒళ్ళు చూపించక్కర్లేదు, ఫొటోలు వద్దు, వెనకాల తెర మీద వీడియో అసలే వద్దు. ఆమె పేరు కూడా చెప్పకు.

పిన్ని మాట గురించి. ఏటి సూతకం పద్ధతి ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, ఆడపిల్లకు ఎంత, ఎన్నాళ్ళు అన్నదాంట్లో నేను తీర్పు చెప్పను. కానీ పిన్నితో గొడవ పడకు. గజ్జె కట్టొద్దంటోంది కదా, కట్టకు. ఇంకొంచెం ఆలోచించు, ఆ గదిలో నువ్వెలా నడిచావు? కాలి చప్పుడు కాకుండా, మునివేళ్ళ మీద, అప్పుడే నిద్రపట్టిన మనిషి లేవకుండా. పట్టీలు కూడా తీసేసి ఉంటావు. ఈ డాన్స్‌కి గజ్జె అసలు నప్పదు. పిన్ని ఏ కారణంతో అన్నా, సరైన మాటే అంది. ఆ మౌనం మధ్య కావాలంటే ఎయిర్ బెడ్ మోటారు గుయ్‌మనే చప్పుడు పెట్టుకో, నీకు ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉండే ఉంటుంది. అలారం కూడా. అలారానికీ అలారానికీ మధ్య ఒక భాగం, అలా ఐదు భాగాలు, ఒక రాత్రి. ప్రదర్శనకు అంతకు మించిన కథ అక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు. ఒంటరిగా రిహార్సల్ చెయ్యకు, గదిలో ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టుకో, ఆమె ఏమీ అనక్కర్లేదు. రోజుకు అరగంట మించొద్దు, అయ్యాక ముఖం కడుక్కుని ఏదన్నా తిని, ఇంకో మనిషితో వేరే విషయం మాట్లాడు. నడుము నొప్పి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకో, మంచంలో ఉన్నవాళ్ళను ఒంటిచేత్తో ఎత్తిన ఆడవాళ్ళలో చాలామందికి అది మిగులుతుంది. నిద్ర ఇలాగే పాడవుతుంటే, తిండి సహించకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, డాన్స్ పక్కన పెట్టి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళు. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బులు ఖర్చు కాకుండా తెలుగులోనే మాట్లాడతారు. డాన్స్ చాలా చేస్తుంది కానీ మందు చేసే పని చెయ్యదు.

ఇక అన్నయ్య. ఆయన మాట కటువుగా ఉంది, నిజమే. నువ్వు రాసినదాన్ని బట్టి ఆయన అంతదూరంలో ఉన్నాడు, ఆ రాత్రులు ఆయనకు ఫోన్లోనే తెలుసు. ఆయన దగ్గరున్నది చావు ఒక్కటే. నీ దగ్గర రెండేళ్ళ మూడు నెలల అమ్మ ఉంది. నువ్వు డాన్స్ అనగానే ఆయనకు చావు స్టేజీ ఎక్కుతున్నట్టు కనిపించిందంటే, ఆయనకు తెలిసింది అదొక్కటే కాబట్టి. వాదించి ఒప్పించాలని చూడకు. శ్రావణంలో సంవత్సరీకానికి ఎలాగూ వస్తాడు కదా. అన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, అమ్మ మంచం ఉన్న గదిలోనే, పిన్నినీ అన్నయ్యనూ కూర్చోబెట్టి, తయారైనంత వరకు చేసి చూపించు. స్టేజీ, టికెట్లు, పోస్టర్లు అన్నీ ఆ తర్వాత మాట.

అందులో అమ్మను తిప్పే చోటు వస్తుంది కదా. మనిషిని దుప్పటితో సరిగ్గా తిప్పాలంటే ఇద్దరుండాలి, అటొకరు ఇటొకరు. నువ్వు చాలా రాత్రులు ఒక్కదానివే తిప్పి ఉంటావు. ఆ చోటికి వచ్చినప్పుడు ఆగి, దుప్పటి రెండో కొస పట్టుకోమని అన్నయ్యను అడుగు. ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు లాగాలో, ముఖం వైపు ఎందుకు చూస్తుండాలో నువ్వే నేర్పాలి, ఆయనకు రాదు. పట్టుకుంటాడో లేదో నాకు తెలియదు. అడిగాక ఏమైందో నాకు రాయి.